అమ్మేసిన చెరువుకు లీజు సొమ్ము తీసుకున్న పాత ఆసామి దాన్ని తిరిగివ్వాలా?

మాది ఆకివీడు దగ్గర. మా బాబాయి లీజుకు చేస్తున్న రొయ్యల చెరువును ఆసామి మాటమాత్రమైనా చెప్పకుండా అమ్మేశాడు. తెలియక బాబాయి ఈ ఏడాది లీజు కూడా ఆయన ఖాతాకే పంపారు. కొత్తాయన మళ్లీ కట్టమంటున్నాడు. పాతాయనేమో "నువ్వే ఇచ్చావు, నేనడిగానా?" అంటున్నాడు. చెరువే తనది కానప్పుడు ఆ సొమ్ము ఉంచుకోవడానికి ఆయనకు హక్కేముంది?

1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 72 ప్రకారం పొరపాటున అందిన డబ్బు తిరిగివ్వాలి కదా. మరోపక్క ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 109లో, అమ్మకం సంగతి తెలియక పాత యజమానికి కట్టిన అద్దె మళ్లీ కట్టక్కర్లేదని ఉంది. కానీ అదే చట్టం సెక్షన్ 117 వ్యవసాయ లీజులను ఇలాంటి నిబంధనల నుంచి మినహాయిస్తోంది. రొయ్యల చెరువు వ్యవసాయం కిందికి వస్తుందా? పాతాయన మీద దావా వేయాల్సింది బాబాయా, కొత్తాయనా?

రొయ్యల పట్టుబడి దగ్గరపడింది, మేత బాకీ అలాగే ఉంది, బాబాయికి నిద్ర లేదు. సివిల్ కేసులు తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.