ఇంప్లాంట్ థ్రెడ్ ఆకారానికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగేనా?

పళ్లడాక్టర్_గుంటూరు:
పై దవడ వెనకవైపు ఇంప్లాంట్ (పోయిన పన్ను స్థానంలో ఎముకలోకి బిగించే స్క్రూ) అనగానే స్క్వేర్ థ్రెడ్ (మర చతురస్రంగా ఉండేది) తీసుకోమని కంపెనీల వాళ్లు వెంటపడతారు. వీ థ్రెడ్ (మర V అక్షరంలా ఉండేది) అయితే చుట్టూ ఉన్న ఎముక మీద స్ట్రెస్ పెరిగి అది కరిగిపోతుందట. ఆ ఎక్కువ ధర చివరికి పేషెంట్ నెత్తినే పడుతుంది కాబట్టి అడుగుతున్నాను. ఇంప్లాంట్లకు ఆద్యుడైన బ్రోనెమార్క్ 1965లో స్వీడన్‌లో యోస్టా లార్సన్ అనే పేషెంట్‌కు పెట్టినవి వీ థ్రెడ్ ఉన్న టైటానియం స్క్రూలే. 2006లో లార్సన్ పోయేదాకా, అంటే 40 ఏళ్లకు పైగా, పనిచేశాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సిమ్యులేషన్_విశాఖ:
డాక్టర్ గారూ, లార్సన్‌కు పెట్టింది కింది దవడలో. అక్కడ ఎముక గట్టిది, ఏ థ్రెడ్‌నైనా మోస్తుంది. మీరు అడుగుతున్నది పై దవడ వెనకభాగం గురించి. అక్కడ పైన పల్చటి పెంకు, లోపలంతా గుల్ల. రెండింటికీ ఒకే తీర్పు ఎలా కుదురుతుంది?

నేను మెకానికల్ వాణ్ని, లెక్క చెబుతాను. వీ థ్రెడ్ ముఖం దాదాపు 30 డిగ్రీలు వాలి ఉంటుంది, స్క్వేర్ థ్రెడ్‌లో 3 డిగ్రీలే. నిలువుగా 100 న్యూటన్ల బలం దిగిందనుకోండి. రాపిడిని పక్కన పెడితే వీ థ్రెడ్ వాలు వెంట జారే భాగం 50 న్యూటన్లు, స్క్వేర్‌లో 5 చిల్లర. దాదాపు పది రెట్ల తేడా. ఆ జారే బలమే షియర్. ఎముక నొక్కుడికి బాగా ఓర్చుకుంటుంది, లాగుడికి తక్కువ, షియర్‌కి అన్నిటికంటే తక్కువ. మెత్తటి ఎముకలో థ్రెడ్ ఆకారం చూడమనడం ఒట్టి ప్రచారం కాదు. ఆర్థోపెడిక్స్‌లో కూడా గుల్ల ఎముకకు వాడే 6.5 మి.మీ. స్క్రూకి థ్రెడ్ లోతు ఎక్కువ, గట్టి ఎముకకు వాడే 4.5 మి.మీ. స్క్రూకి తక్కువ.

ప్రోస్థో_హనుమకొండ:
తమ్ముడూ, నీ లెక్క బాగుంది. కానీ ఎవరూ నిట్టనిలువుగా నమలరు. బలం ఏటవాలుగా వస్తే ఇంప్లాంట్ వంగబోతుంది, స్ట్రెస్ ఎక్కువగా ఇంప్లాంట్ మెడ (చిగురు వైపు చివర) దగ్గర, పైపెంకు ఎముక మీద పడుతుంది. మీ ఫైనైట్ ఎలిమెంట్ మోడళ్లు (ఎముకను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో స్ట్రెస్ లెక్కగట్టేవి) చాలావాటిలో కనిపించేదీ ఇదే. థ్రెడ్ ఆకారం మారిస్తే లోపలి గుల్ల ఎముకలో స్ట్రెస్ మారుతుంది, మెడ దగ్గర పెద్దగా మారదు. మనం ఎక్స్‌రేలో ఎముక తగ్గిందని చూసేది ఆ మెడ దగ్గరే కదా!

వేరే చోట పెట్టించుకుని నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఎక్స్‌రే గుర్తుంది. ఖరీదైన థ్రెడ్. సన్నటి ఇంప్లాంట్ మీద అంత వెడల్పు క్యాప్ (పైన తొడిగే పన్ను), ఒకవైపు బయటికి తేలి ఉంది. పైగా ఆయనకు రాత్రిళ్లు పళ్లు నూరే అలవాటు. మెడ చుట్టూ ఎముక గిన్నెలా పోయింది, కింద థ్రెడ్ల మధ్య మాత్రం చక్కగా నిండి ఉంది.

పళ్లడాక్టర్_గుంటూరు:
నేను మేడమ్ వైపే. ఆ మోడళ్లలో ఎముక ఇంప్లాంట్‌కి నూటికి నూరు పాళ్లు అతుక్కుందనుకుని లెక్క కడతారు. నోట్లో అలా ఎక్కడ ఉంటుంది?

సిమ్యులేషన్_విశాఖ:
ఉండదు. అందుకే ఆ అంకెల్ని నోట్లో అంకెలుగా చదవకూడదు, ఒకే మోడల్‌లో థ్రెడ్ మార్చి పోల్చుకోవడానికే వాడాలి. అతుకు తక్కువైతే బరువు మోసే చోట్లు కూడా తగ్గుతాయి. అప్పుడు ఉన్న కాసిని థ్రెడ్ ముఖాలు ఎటు వాలి ఉన్నాయన్నది ఇంకా ముఖ్యమవుతుంది. మొదటి నెలల్లో, ఎముక పూర్తిగా పట్టకముందు, పరిస్థితి అదే.

ప్రోస్థో_హనుమకొండ:
ఆ మొదటి నెలల మాట ఒప్పుకుంటాను. గుంటూరు డాక్టర్ గారూ, పై దవడ వెనక మెత్తటి ఎముక అయితే లోతైన థ్రెడ్‌కి డబ్బు పెట్టించండి. కింది దవడ గట్టి ఎముకలో మాత్రం వద్దు, బిగించేటప్పుడు టార్క్ (తిప్పే బలం) పెరిగి ఎముక అక్కడే నలుగుతుంది. ఎక్కడైనా సరే, ముందు క్యాప్ వెడల్పు తగ్గించండి. దానికి పైసా ఖర్చు లేదు.