బడుల్లో మొక్కలు నాటే రోజు ఎత్తేసి, చెత్త తూకం, కంపోస్టు పెడితే సరిపోదా?

బడిగంట (చర్చ మొదలు)

జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే బడుల్లో ఏం జరుగుతుందో అందరికీ కంఠోపాఠమే. ఊరేగింపు, నినాదాలు, వ్యాసరచన పోటీ, ఒక గుంత, ఒక మొక్క, దాని చుట్టూ పదిమంది చేతులు, ఫొటో. నెల తిరిగేసరికి ఆ గుంత వైపు చూసేవాళ్లుండరు.

నా ప్రతిపాదన సూటిగా చెబుతాను. మొక్కలు నాటే రోజు ఎత్తేయాలి. ఆ పీరియడ్లు, ఆ డబ్బు, టీచర్ల ఆ ఓపిక ఏడాది పొడుగునా సాగే రెండు పనులకు మళ్లించాలి: బడి చెత్త తూచడం, తడి చెత్తను కంపోస్టు చేయడం. 1977లో టిబిలిసిలో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి జరిపిన సదస్సు పర్యావరణ విద్యకు ఐదు లక్ష్యాలు పెట్టింది: అవగాహన, జ్ఞానం, దృక్పథం, నైపుణ్యం, భాగస్వామ్యం. పోస్టర్ల పోటీ మొదటిదాని దగ్గరే ఆగిపోతుంది. తూకం వేసే పిల్లవాడు, ఎరువు తిరగేసే పిల్ల నాలుగు, ఐదు దాకా వెళ్తారు. కాదనేవాళ్లు కారణం చెప్పండి. "మొక్కలు మంచివే కదా" అంటే మాత్రం ఒప్పుకోను.

నర్సరీపని

మొక్కలు చస్తున్నాయి కాబట్టి నాటడమే మానేద్దామంటే, లెక్క తప్పుతోంది కాబట్టి లెక్కల పీరియడు తీసేద్దామన్నట్టుంది. ఎందుకు చస్తున్నాయో చూడండి. బడుల్లో జరిగే తప్పులు నాలుగైదే, ప్రతిచోటా అవే.

సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్కకు వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. అలాగే పాతేస్తే నేలలోనూ చుట్టుకుంటూనే పోతాయి, రెండు మూడేళ్ల తర్వాత గట్టి గాలికి చెట్టు ఒరిగిపోతుంది. సంచి పూర్తిగా తీసి, వేళ్ల ముద్ద పక్కల మూడు నాలుగు చోట్ల నిలువుగా కోసి నాటాలి. సంచితోనే నాటేసిన మొక్కలు కూడా తక్కువేం కాదు. ఇక లోతు. కాండం వేరుగా మారే చోటు నేల మట్టానికే ఉండాలి. "గట్టిగా నిలబడుతుంది" అని జానెడు లోతుకు పూడిస్తే మొదలు కుళ్లుతుంది. గుంత 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉంటే చాలు, గట్టి నేలైతే 60. గోడలను గునపంతో గీకి గరుకు చేయాలి. నున్నటి గోడ ఉంటే వేరు లోపలే తిరుగుతుంది.

అసలు చావుదెబ్బ నీళ్ల దగ్గరే. రోజూ ఒక మగ్గు పోయించడం బడుల అలవాటు. ఆ నీళ్లు పైపొరను తడిపి ఆరిపోతాయి, వేళ్లు కిందికి దిగవు, సెలవుల్లో వారం ఎండితే మొక్క పోతుంది. మీటరు వెడల్పు పాదు చేసి, వారానికోసారి 10 నుంచి 15 లీటర్లు నెమ్మదిగా ఇంకేలా పోయాలి. పాదులో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరచాలి, కానీ కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలేయాలి.

లెక్కల మాస్టారు

నర్సరీపని గారూ, మీ అంకెలతోనే ఒక గుణకారం. వారానికి 12 లీటర్లు అనుకుందాం. వంద మొక్కలు నాటితే వారానికి 1,200 లీటర్లు, అంటే 15 లీటర్ల బకెట్లు 80. వీటిని మోసేదెవరు? పది మొక్కలైతే 8 బకెట్లు, ఒక తరగతి పావుగంటలో ముగిస్తుంది. ఎన్ని మొక్కలు నాటాలన్నది గుంతల సంఖ్యను బట్టి కాదు, బకెట్ల సంఖ్యను బట్టి తేల్చాలి. ఈ గుణకారం పిల్లల చేతే వేయిస్తే సగం కార్యక్రమాలు వాటంతటవే చిన్నవైపోతాయి.

బడిగంట గారూ, మీ తూకం గురించి కూడా. ఒక్కరోజు తూచి గోడమీద చార్టు అంటించడం ఊరేగింపుకు తక్కువేమీ కాదు. వరసగా ఐదు పనిదినాలు తూచాలి, ఎందుకంటే పరీక్ష రోజు కాగితం పెరుగుతుంది, సగం రోజు బడి ఉన్నప్పుడు ఆహారం తగ్గుతుంది. ఖాళీ బకెట్ బరువు ముందే తూచి దానిమీద రాసిపెట్టాలి. మొత్తాన్ని ఆరోజు హాజరుతో భాగించాలి. 320 మంది వచ్చిన రోజు 6.4 కిలోలు వస్తే తలకు 20 గ్రాములు. హాజరుతో భాగించకపోతే, జ్వరాల సీజన్లో చెత్త తగ్గిందని సంబరపడతారు.

ఇంకో మెలిక ఉంది. ప్లాస్టిక్‌ను తూకంతో పట్టుకోలేం. చిరుతిళ్ల రేపరు ఒకటి గ్రాము, రెండు గ్రాములు. వంద రేపర్లు కలిసినా ఒక పెద్ద పండంత బరువు తూగవు. బరువు మాత్రమే రాస్తే "మా బడిలో ప్లాస్టిక్ ఒక శాతమే" అని తేలుతుంది, అదీ నిజమే, కానీ పనికిరాని నిజం. ఆహారం, కాగితం తూచండి, రేపర్లు, సీసాలు లెక్కపెట్టండి. ఆహారం అంటి తడిసిన కాగితాన్ని ఆహారం బుట్టలోనే తూచాలి, లేకపోతే కాగితం బరువు రోజుకో రకంగా ఊగుతుంది.

ముందే చెప్పి తూస్తే ఆ వారం పిల్లలు చెత్త ఇంటికి మోసుకుపోతారు. మొదటి తూకం చెప్పకుండా, పిల్లలు వెళ్లాక చేయడం మంచిది.

ఎరువుగుంత

తూకం సంగతి మాస్టారు చెప్పేశారు. కంపోస్టును మొక్కకంటే తేలికని ఎవరైనా అనుకుంటుంటే మాత్రం ఆగండి. మొక్క వారం ఊరుకుంటుంది. సరిగా కలపని కుప్ప మూడో రోజుకే కంపు కొడుతుంది, ఆ తర్వాత ఆ బడిలో కంపోస్టు అనే మాట ఎత్తనివ్వరు.

బడుల్లో కొరత తడి చెత్తకు కాదు, ఎండుటాకులకు. రోజుకు 5 కిలోల తొక్కలు, కూరగాయల ముక్కలు వస్తాయనుకోండి, సుమారు 10 లీటర్ల బకెట్ నిండుతుంది. దానికి రెండు మూడింతల ఘనపరిమాణంలో ఎండుటాకులు కావాలి, అంటే రోజుకు 20 నుంచి 30 లీటర్లు. 200 పనిదినాలకు 4,000 నుంచి 6,000 లీటర్లు, వంద లీటర్ల గోనెసంచులైతే 40 నుంచి 60. ఆకు రాలేది ఏడాదిలో కొన్ని వారాలే, సరిగ్గా అప్పుడే వాటిని ఊడ్చి తగలబెట్టేస్తారు. కాబట్టి పథకం గుంతతో మొదలుకాదు, ఆకులు దాచే గదితోనో రేకుల పంచతోనో మొదలవుతుంది. అది లేకపోతే ఒప్పుకోకండి.

తొట్టికి ఇటుకలు, సిమెంటు అక్కర్లేదు. అంచులు కలిపి కట్టేందుకు పోను 3.6 మీటర్ల చుట్టుకొలత వచ్చేలా మీటరు ఎత్తు ఇనుపవల తీసుకుంటే ఘనమీటరు కుప్ప పడుతుంది. అంతకన్నా చిన్నదైతే వేడి నిలవదు. మూడు కావాలి: ఒకటి నిండుతూ, ఒకటి మాగుతూ, ఒకటి వాడకానికి. ఒక్కటే పెట్టి రోజూ పైన వేస్తూ పోతే ఎప్పటికీ "తయారైన ఎరువు" అనేది ఉండదు.

పిడికెడు తీసి గట్టిగా పిండాలి. ఒకటి రెండు చుక్కలు రాలితే తేమ సరిపోయింది. ధారకడితే ఎండుటాకు కలపాలి, చుక్కే రాకపోతే నీళ్లు చల్లాలి. కుళ్లిన కోడిగుడ్డు వాసనైతే గాలి లేదని అర్థం, తిరగేయాలి. ముక్కు మండించే అమ్మోనియా ఘాటైతే తడి చెత్త ఎక్కువైంది. నడిమధ్యలో థర్మామీటరు గుచ్చితే మూడు నాలుగు రోజుల్లో 50 డిగ్రీలు దాటాలి. 55 దగ్గర మూడు రోజులు నిలిస్తే కలుపు గింజలు, రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి. 65 దాటితే తిరగేయండి, మేలు చేసే సూక్ష్మజీవులూ పోతాయి. నూనె కలిసిన వండిన పదార్థాలు, మాంసం, పాలపదార్థాలు వేయొద్దు. ఎలుకలు, ఈగలు వచ్చేది వాటికే.

పేరెంట్ కమిటీ

సాంకేతిక వివరాలు బాగున్నాయి. ఒక్కమాట అడుగుతాను: బడికి పంపిన పిల్లల చేత చెత్త ఎత్తిస్తారా? ఈ ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వస్తుంది, "అవగాహన కోసం" అంటే తల్లిదండ్రులు తగ్గరు.

బడిగంట

తగ్గాల్సిన పనీ లేదు, ఆ భయం న్యాయమైనదే. అందుకే గీత ముందే గీయాలి. మరుగుదొడ్ల చెత్త, ప్రయోగశాల చెత్త, పగిలిన గాజు పిల్లల దగ్గరికే రాకూడదు. తూకానికి వచ్చేవి తరగతి గదుల, భోజనశాల బుట్టలు మాత్రమే. వాటిని నేలమీద పరిచిన పట్టా మీద ముందు పెద్దవాళ్లు గుమ్మరించి, బ్లేడ్లు, పిన్నులు ఏరాలి. తర్వాత పిల్లలు పట్టకార్లతో వేరుచేయాలి. చేతికి గ్లౌజులు, చివర సబ్బుతో చేతులు. ఆస్తమా ఉన్న పిల్లల్ని కంపోస్టు తిరగేసేటప్పుడు దూరంగా ఉంచాలి, ఆ దుమ్ములో బూజు కణాలుంటాయి. వాళ్లు థర్మామీటరు అంకెలు రాయొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆలస్యంగా వచ్చినవాడికి, హోంవర్కు చేయనివాడికి శిక్షగా ఈ పని ఎప్పుడూ ఇవ్వకూడదు. ఒక్కసారి అలా ఇస్తే ఆ పని అవమానం కిందికి పోతుంది, ఇక ఎన్ని పాఠాలు చెప్పినా దండగ. వంతులు హాజరు పట్టీ వరసలో రావాలి, మొదటి వారం టీచర్ల వంతు కూడా ఉండాలి.

చిన్నప్రశ్న

సీసాల్లో ప్లాస్టిక్ కుక్కే ఎకో బ్రిక్స్ సంగతేంటి? మా పిల్లలకు ప్రాజెక్టుగా ఇచ్చారు.

లెక్కల మాస్టారు

ఇటుకగా పనికిరావాలంటే మిల్లీలీటరుకు కనీసం 0.33 గ్రాములు పట్టాలి, అంటే అర లీటరు సీసాలో 165 గ్రాములు. పైన చెప్పిన రేపర్ల లెక్కన 83 నుంచి 165 దాకా కావాలి, అన్నీ కడిగి ఆరబెట్టినవి. తడి మిగిలితే లోపల కుళ్లి వాయువు పుడుతుంది. ఎండ తగిలేచోట పెడితే సీసా పెళుసై ముక్కలవుతుంది. ఇవన్నీ పాటించినా నాకు నచ్చని విషయం వేరే ఉంది: సీసా నింపి తీసుకురమ్మంటే నింపడానికి చాలినన్ని పాకెట్లు కొనిపించడమే అవుతుంది. "బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్" పోటీకి కొత్త థర్మోకోల్, మెరుపు కాగితం కొనేది కూడా ఇలాగే.

నర్సరీపని

ఇంత చెప్పుకున్నాక కూడా మొక్కలు వద్దనే అంటారా బడిగంట గారూ? కంపోస్టు తయారయ్యాక ఎక్కడ వేస్తారు? ఆరేడు నెలల్లో ఒక బడికి వందల కిలోల ఎరువు వస్తుంది. పాదులు లేకపోతే సంచుల్లో మూలన పడి ఉంటుంది.

బడిగంట

నాటడం వద్దనలేదండీ, నాటే "రోజు" వద్దన్నాను. ఇంకా అదే అంటాను. ఒక షరతు పెడితే సర్దుకుంటాను: కిందటేడు నాటినవాటిలో ఎన్ని బతికాయో నోటీసు బోర్డు మీద పెట్టేదాకా కొత్త మొక్క ఒక్కటీ రాకూడదు. ప్రతి మొక్కకూ అంకె రాసిన బిళ్ల, ఆరు నెలలకు, ఏడాదికి, మూడేళ్లకు లెక్క. ఎత్తుతో పాటు నేలకు 10 సెంటీమీటర్ల పైన కాండం చుట్టుకొలత కూడా. ఎత్తు ఒక్కటే చూస్తే నీడలో సాగిపోయిన బక్క మొక్క కూడా "బాగా ఎదిగింది" అనిపించుకుంటుంది.

నర్సరీపని

ఆ షరతుకు నాకు అభ్యంతరం లేదు. కానీ చచ్చినవాటి లెక్క బోర్డు మీదికి వస్తుందంటే ఏ హెడ్మాస్టరైనా అసలు నాటకుండా ఊరుకుంటారు. సున్నా నాటితే సున్నా చస్తాయి. మీ షరతు పక్కనే కనీస సంఖ్య కూడా పెట్టండి, పదో పన్నెండో. అప్పుడు ఒప్పుకుంటాను.

పేరెంట్ కమిటీ

సరే, ఆ సంఖ్య మీరిద్దరూ తేల్చుకోండి. నాకు మాత్రం సెలవుల సంగతి కావాలి. నెలన్నర బడి మూసేస్తే కుప్ప ఏమవుతుంది? వానపాముల తొట్టి పెట్టమని కూడా ఒకరు పట్టుబడుతున్నారు.

ఎరువుగుంత

కుప్పకు భయం లేదు. మూసే రెండు వారాల ముందు తడి చెత్త వేయడం ఆపండి. చివరి రోజు ఒకసారి తిరగేసి, పిండితే చుక్క రాలేంత తడిపి, పైన 15 సెంటీమీటర్ల ఎండుటాకు, దానిమీద తడి గోనె. తెరిచేసరికి పైపొర ఎండి ఉంటుంది, లోపల మాగి ఉంటుంది. వానపాములను మాత్రం సెలవులకు ముందే ఎవరింటికైనా పంపే ఏర్పాటు లేకపోతే వద్దనండి. తొట్టిలో వేడి 35 దాటితే అవి బతకవు, రేకుల కింద వేసవి మధ్యాహ్నం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పైగా కిలో పాములు రోజుకు తినేది దాదాపు అర కిలో. మీ 5 కిలోల చెత్తకు పది కిలోల పాములు కావాలి. ఒక తరగతి గమనించడానికి చిన్న తొట్టి సరే, బడి చెత్త మొత్తం వాటిమీద పెట్టకండి.