చెరువు గట్టు మీద పిట్టల కోసం పైన్ జాతి చెట్టు: డెల్టాలో మనదంటూ ఏదైనా ఉందా?

ప్రశ్న: అమలాపురం దగ్గర వరిచేలను ఆనుకున్న చెరువు గట్టు మీద 40 మీటర్ల పొడవున ఖాళీ ఉంది. నల్లమట్టి. వానాకాలంలో గట్టు అడుగున నీరు నిలుస్తుంది. పిట్టలు గూళ్ళు కట్టుకునేలా సూదాకుల చెట్లు వేద్దామని ఆలోచన. అయితే స్థానికమైనవే కావాలి. సరుగుడు పనికొస్తుందా? నర్సరీల్లో అమ్మే క్రిస్మస్ చెట్టో?

జవాబు 1: డెల్టాలో సహజంగా పెరిగే పైన్ జాతి చెట్టు ఒక్కటీ లేదండి. దక్షిణాదికి సొంతమైన కోనిఫర్ (పైన్ వర్గపు చెట్టు) అంటే పడమటి కనుమల వాన అడవుల్లోని నాగియా అనే చెట్టే, అది ఇక్కడి ఎండకు నిలవదు. అరకు వైపు కనిపించే పైన్లు నాటినవి. క్రిస్మస్ చెట్టు అరౌకేరియా, పసిఫిక్ దీవులది. సరుగుడు చూడ్డానికే పైన్‌లా ఉంటుంది. ఆ సూదులు ఆకులు కావు, కణుపులున్న సన్నటి పచ్చని కొమ్మలు. అసలు ఆకులు ప్రతి కణుపు దగ్గరా చిన్న పళ్ళలా ఉంటాయి. పైగా రాలిన ఆ మందపాటి చెత్త కింద వేరే మొక్క లేవడం కష్టం. పిట్టల కోసమే అయితే తాడి వేయండి, ఆ గట్టుకు దాన్ని మించింది లేదు.

ప్రశ్న: తాడి మొక్కల్ని సంచుల్లో పెంచి నాటొచ్చా?

జవాబు 2: వద్దండి, చాలామంది దెబ్బతినేది అక్కడే. టెంక మొలిస్తే ముందు ఆకు రాదు. మొలక నిలువునా భూమిలోకి దిగి, లోపల తేగ కడుతుంది. సంచి అడుగు తగలగానే అది వంకర తిరుగుతుంది, పీకితే విరుగుతుంది. అందుకని టెంకను నేరుగా గట్టు మీదే పాతాలి.

శ్రావణ, భాద్రపదాల్లో రాలిన పండ్లు ఏరి, గుజ్జు తీసేసి, టెంకలు ఎండిపోకముందే పాతండి. మూడేసి మీటర్ల ఎడంతో 40 మీటర్లకు 14 గోతులు వస్తాయి. గోతికి రెండు టెంకల లెక్కన 28 కావాలి. పండుకు మూడు టెంకల దాకా ఉంటాయి కాబట్టి పది, పన్నెండు పండ్లు చాలు. టెంక మీద జానెడు లోపే మట్టి కప్పండి. నీరు నిలిచే అడుగు భాగంలో కాకుండా గట్టు నెత్తిన పాతండి. కరెంటు తీగల కింద వద్దు.

ఏమీ మొలవలేదని తవ్వి చూడకండి, ఆకు బయటపడటానికి నెలలు పడుతుంది. సంక్రాంతి నాటికి తేగల కోసం ఎవరూ తవ్వకుండా, పందులు పెళ్లగించకుండా ముళ్ళకంప వేయాలి. మొదటి వేసవిలో వారానికోసారి నీళ్ళిస్తే చాలు. పోతుతాడో పెంటితాడో పూత వచ్చాకే తెలుస్తుంది, అంటే పన్నెండేళ్ళ పైమాటే. అందుకే ఎక్కువ గోతులు పెట్టడం మంచిది.

జవాబు 3: పెంపకం సంగతి పైన సరిగ్గా చెప్పారు, గూళ్ళ సంగతి కలుపుతున్నా. గిజిగాడు వానాకాలంలో వరి, తాటి ఆకుల్ని సన్నగా చీల్చి, కమ్మల కొసలకు గూడు అల్లుతుంది. కింద నీళ్ళుంటే దానికి మరీ ఇష్టం, మీ చెరువు గట్టు అందుకు సరిగ్గా సరిపోతుంది. తాటి మీద ఉండే చిన్న స్విఫ్ట్ పిట్టలు వేలాడే కమ్మల వెనక ఈకల్ని ఉమ్మితో అంటించి గూడు పెడతాయి. గబ్బిలాలూ ఆ ఎండు కమ్మల చాటునే ఉంటాయి. శుభ్రం పేరుతో కమ్మలన్నీ ఒకేసారి కొట్టేస్తే ఇవన్నీ పోతాయి. కొట్టక తప్పకపోతే గూళ్ళు ఖాళీ అయ్యాక, చెట్టుకు కొన్ని వదిలి కొట్టండి. తల పోయిన మోడు ప్రమాదం కాని చోట ఉంటే అలాగే ఉంచండి: పాలపిట్ట, రామచిలుక, గోరింక ఆ తొర్రల్లోనే గుడ్లు పెడతాయి.

మొవ్వుకుళ్ళు (తాటి నడినెత్తి లేత ఆకు కుళ్ళే తెగులు) మాత్రం కనిపెట్టి ఉండాలి. గోదావరి తాటిచెట్లకు ఇది పాత శత్రువు. శిలీంధ్ర శాస్త్రవేత్త బట్లర్ దీని కారకానికి 1907లోనే పేరు పెట్టాడు. మొవ్వాకు పసుపెక్కి వాలి, లాగితే కుళ్ళిన వాసనతో ఊడొస్తుంది. తొలిదశలో కుళ్ళింది చెక్కేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి. చుట్టూ ఉన్న చెట్ల మొవ్వుల్లో 1 శాతం బోర్డో మిశ్రమం పోయాలి: 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. తల మొత్తం పోయిన చెట్టయితే ఆ తల కోసి అక్కడికక్కడే కాల్చేయండి. మోడుగా ఉంచాలనుకున్నా సరే, ఈ పని మానొద్దు.