ఆక్ ఫిల్టర్‌లో షెల్ వేరియబుల్ పెడితే ఒక్క లైనూ రావట్లేదు

ప్రశ్న:
నమస్తే అండి. మండలాల వారీ వానల లెక్కలున్న సీఎస్‌వీ ఫైలు ఒకటుంది, 1వ కాలమ్ మండలం, 2 జిల్లా, 3 మిల్లీమీటర్లు. బ్యాష్ స్క్రిప్ట్‌లో జిల్లా పేరు వేరియబుల్‌లో పెట్టుకుని ఆ జిల్లా లైన్లే ఆక్‌తో (ఫైలును లైన్ల వారీగా, కాలమ్‌లుగా చదివి వడకట్టే కమాండ్) తీద్దామని ఇలా రాశా, -ఎఫ్, అంటే కాలమ్‌ల మధ్య కామా ఉందని:

ఆక్ -ఎఫ్, '$2 == "$జిల్లా"' వానలు.సీఎస్‌వీ

ఎర్రర్ రాదు, లైన్లూ రావు. పేరు చేత్తో టైప్ చేస్తే మాత్రం వస్తున్నాయి. బయట డబుల్ కోట్స్ పెడితే సింటాక్స్ ఎర్రర్. ఎక్కడ తప్పు చేస్తున్నానో అర్థం కావట్లేదు, కాస్త చెప్పండి.

జవాబు 1:
సింగిల్ కోట్స్ మధ్యలో ఉన్నదాన్ని షెల్ (మీ కమాండ్లు నడిపే బ్యాష్) అసలు ముట్టుకోదు అండి, కాబట్టి ఆక్ చూసేది డాలర్‌తో సహా "$జిల్లా" అనే అక్షరాలనే, ఆ పేరుతో జిల్లా లేదు కదా, అందుకే ఖాళీ. డబుల్ కోట్స్ పెడితేనేమో మీ $2 కూడా షెల్ తినేస్తుంది, స్క్రిప్ట్‌కి రెండో ఆర్గ్యుమెంట్ ఇవ్వలేదు గనక అక్కడ ఏమీ మిగలదు, ఆక్‌కి == నుంచి మొదలయ్యే ముక్క చేరుతుంది. -వి తో ఆ విలువను ఆక్ సొంత వేరియబుల్‌లోకి పంపి ఇలా రాయండి:

ఆక్ -ఎఫ్, -వి జి="$జిల్లా" '$2 == జి' వానలు.సీఎస్‌వీ

లోపల జి ముందు డాలర్ పెట్టొద్దు. ఆక్‌లో డాలర్ అంటే కాలమ్. జి లో ఉన్నది పేరు, దాని అంకె విలువ 0, అంటే $జి కాస్తా $0 అయిపోయి మొత్తం లైన్‌తో పోలుస్తుంది, మళ్ళీ ఏ ఎర్రరూ లేకుండా ఖాళీ.

జవాబు 2:
నేనైతే మధ్యలో కోట్స్ మూసి మళ్ళీ తెరుస్తా బ్రో, '$2 == "'"$జిల్లా"'"' ఇలా, పనిచేస్తుంది.

జవాబు 3:
దయచేసి అలా వద్దు. అప్పుడు వేరియబుల్‌లో ఉన్నది ప్రోగ్రామ్‌లో భాగమైపోతుంది, విలువలో ఒక్క డబుల్ కోట్ ఉన్నా విరిగిపోతుంది, బయటివాళ్ళు ఇచ్చిన ఇన్‌పుట్ అయితే ఆక్‌లోని సిస్టమ్ ఫంక్షన్‌తో ఏ కమాండ్ అయినా నడిపించెయ్యొచ్చు. పైగా 50 మిల్లీమీటర్లు దాటినవి కావాలని ఆ పద్ధతిలోనే 50ని కోట్స్‌లో ఇరికిస్తే స్ట్రింగ్ పోలిక జరిగి 9 కూడా 50 కన్నా పెద్దదవుతుంది. -వి తో ఇస్తే అంకెలుగానే పోలుస్తుంది. -వి కి ఉన్న ఒక్క ఇబ్బంది బ్యాక్‌స్లాష్, \ఎన్ ఉంటే కొత్త లైన్‌గా మార్చేస్తుంది. అలాంటి విలువలైతే షెల్‌లో వేరియబుల్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఆక్ లోపల ఎన్విరాన్["జిల్లా"] అని చదవండి.

ప్రశ్న అడిగినవారు:
-వి తో వచ్చేసింది, చాలా థాంక్స్ అండి. లూప్‌లో పెడితే మొదట మళ్ళీ ఖాళీ వచ్చింది, చూస్తే జిల్లాల లిస్టు విండోస్‌లో సేవ్ చేసింది, ప్రతి పేరు చివరా \ఆర్ (విండోస్ లైన్ చివర పెట్టే కనిపించని అక్షరం) ఉంది. అది తీసేశాక అన్ని జిల్లాలూ వస్తున్నాయి.