ఇంట్లో వైఫైకి ఏమేం కొనాలి? (కె.ఆర్.పురం, బెంగళూరు)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పోయిన వారమే అనంతపురం నుంచి కె.ఆర్.పురానికి మారాం. రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు. నాకు ఇంటి నుంచే పని, పాపకు ఆన్‌లైన్ ట్యూషన్. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ తీసుకుందామనుకుంటున్నాం. షాపులో అడిగితే మోడెమ్, రౌటర్, రిపీటర్ మూడూ కావాలన్నారు. నిజంగా అన్నీ కొనాలా? బిల్లు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అక్కా, కనెక్షన్ వచ్చేదాకా ఏమీ కొనకండి. ఫైబర్ వాళ్లు ఇంట్లో ఓఎన్‌టీ అనే బాక్స్ పెడతారు. సన్నని గాజు తీగలో వచ్చే వెలుగును మన ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అందుకునేలా మార్చేది అదే. అందుకే వేరే మోడెమ్ అక్కర్లేదు. చాలా బాక్సుల్లో వైఫై రౌటర్ కూడా కలిసే ఉంటుంది. బుక్ చేసేటప్పుడే అడగండి: బాక్సులో వైఫై ఉందా, ఉంటే డ్యూయల్ బ్యాండా?

డ్యూయల్ బ్యాండ్ అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రకాల వైఫై సిగ్నళ్లూ వస్తాయి. 2.4 గోడలు దాటి దూరం పోతుంది కానీ నెమ్మది. పైగా అపార్ట్‌మెంట్లో పక్కిళ్ల వైఫైలన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. 5 వేగంగా ఉంటుంది, రెండు గోడలు అడ్డొస్తే నీరసిస్తుంది. మీ పని ల్యాప్‌టాప్ 5కి, దూరం గదిలో ఫోన్ 2.4కి కలపండి.

అన్నిటికన్నా ముఖ్యం బాక్స్ పెట్టే చోటు. మా ఇంట్లో వైరు లాగడం సులువని వాకిలి పక్కన చెప్పుల స్టాండ్ మీద పెట్టి వెళ్లిపోయారు. వెనక గదిలో సిగ్నల్ లేదు. సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ముందుకు పంపే రిపీటర్ కొన్నాను. సిగ్నల్ గీతలు నిండుగా కనిపించాయి, వేగం మాత్రం సగమైంది. ఒకే రేడియోతో అటు అందుకుని ఇటు పంపే రిపీటర్‌తో అంతే. చివరికి వెనక గదిదాకా ల్యాన్ కేబుల్ లాగి, అక్కడ పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ను అక్కడ వైఫైగా ఇచ్చేలా పెట్టాక బాధ తీరింది. మీరు మాత్రం కనెక్షన్ పెట్టే మనిషి వచ్చిన రోజే దగ్గరుండి, హాలు మధ్యకు వచ్చేలా, కాస్త ఎత్తులో పెట్టించండి. టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన వద్దు.

ప్రశ్న:
థాంక్స్ తమ్ముడూ. బాక్సులో వైఫై లేకపోతే ఎలాంటి రౌటర్ కొనాలి? ఇక్కడ కరెంటు కూడా పోతూ ఉంటుంది.

జవాబు:
డ్యూయల్ బ్యాండ్, వైఫై 6 (వైఫైలో ఒక తరం పేరు), గిగాబిట్ పోర్టులు (కేబుల్ గుచ్చే చోట్లు, 1000 ఎంబీపీఎస్ దాకా తీసుకుంటాయి). ఈ మూడూ ఉంటే చాలు. చవక రౌటర్లు కొన్నిటిలో పోర్టు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. రేపు 300 ప్లానుకు మారినా మీకు 100 దాటి రాదు. యాంటెన్నాలు ఎన్నున్నాయో చూసి కొనకండి. ల్యాన్ కేబుల్ కావాలంటే క్యాట్ 6 రకం తీసుకోండి, ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్.పి. రోడ్డులో కావలసిన పొడవుకి కోసి ఇస్తారు. గోడకు రంధ్రం వేయాలంటే ఓనర్‌ని ముందే అడగండి.

కరెంటు పోయినప్పుడు బాక్స్, రౌటర్ నడిచేందుకు మినీ యూపీఎస్ అనే చిన్న బ్యాటరీ దొరుకుతుంది. మీ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు ఫోటో తీసుకుని వెళ్లండి. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు తగ్గకూడదు. బాక్స్, రౌటర్ వేరువేరైతే రెండింటికీ బ్యాకప్ కావాలి.

ముందు ఇంటి కొలతలు చూసి, బాక్స్ ఎక్కడ పెట్టిస్తున్నారో ఇక్కడ రాయండి అక్కా. కేబుల్ ఎన్ని మీటర్లు పడుతుందో లెక్క వేసి చెప్తాను.