ఫొటో స్టూడియోలని పుట్టినరోజులకి అద్దెకివ్వడం సబబేనా? (వైజాగ్)

పాపాయి_అమ్మ (సీతమ్మధార):
మా పాప మొదటి పుట్టినరోజు. మేం ముప్పై మందిమి. ఫంక్షన్ హాలు వాళ్లు 200 ప్లేట్లకి తక్కువైతే కుదరదన్నారు. ఇంట్లో చూస్తే డబుల్ బెడ్‌రూమ్. అందుకని బీచ్ రోడ్డు వైపు ఒక ఫొటో స్టూడియో నాలుగు గంటలకి తీసుకున్నాం. అద్దె 8,000, అడ్వాన్సు 10,000. మూడో రోజు అడ్వాన్సులో 6,000 పట్టుకుని మిగతాది పంపారు. తెల్లగోడకి మళ్లీ రంగు వెయ్యాలట. గోడ మీద ఎవరూ చెయ్యి కూడా వెయ్యలేదు, పిల్లలు నేల మీదే ఆడుకున్నారు. ఇలా చేసేవాళ్లు అసలు ఫంక్షన్లకి ఇవ్వడం దేనికి?

గంటల_లెక్క:
ఆ నాలుగు గంటల్లోనే డెకరేషన్ టైమూ కలిపారా?

పాపాయి_అమ్మ:
కలిపారు. బెలూన్లకే గంటన్నర పోయింది.

గంటల_లెక్క:
అసలు మోసం అక్కడుంది. రంగు సంగతి తర్వాత చూద్దాం. కట్టే టైము, విప్పే టైము అద్దెలో లెక్కెయ్యకూడదు.

వెలుగునీడ (చినవాల్తేరు):
నేనూ స్టూడియో నడుపుతున్నాను కాబట్టి చెప్తున్నాను మేడం. ఆ తెల్లగోడని సైక్లోరమా అంటారు. గోడా నేలా మూల లేకుండా వంపు తిరిగి కలిసిపోతాయి, అలా ఉంటేనే వెనక గీత పడదు. అంటే ఆ నేల కూడా గోడే. ఒక్క చెప్పు మచ్చ పడినా ఫొటోలో కనిపిస్తుంది. మచ్చ ఉన్నచోట మాత్రమే రంగేస్తే అతుకు తెలిసిపోతుంది, మొత్తం వెయ్యాల్సిందే. మన సముద్రపు తేమకి ఆరడానికి కూడా రోజు పడుతుంది. అయితే ఇదంతా ముందే చెప్పి, చెప్పులు బయట విడిపించాల్సింది వాళ్లే. చెప్పకపోతే తప్పు వాళ్లది.

పాపాయి_అమ్మ:
ఎవరూ చెప్పలేదండి. చెప్పుంటే మేమే విప్పించేవాళ్లం.

మధురవాడ_కుర్రోడు:
డీజే పెడితే ఇంకో తంటా. మా అన్న ఫంక్షన్లో స్టూడియో లైట్ల లైనుకే సౌండ్ బాక్సులు తగిలించారు, కేక్ కోసే టైముకి ఎంసీబీ స్విచ్చు పడిపోయి కరెంటు పోయింది.

లా_చదువుతున్నా:
రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ మామూలుగా ఆపాల్సిందే, శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన నిబంధనలవి. సినిమా పాటలకి 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు రాసింది మతపరమైన వేడుకలకి, పెళ్లికి, పెళ్లితో ముడిపడ్డ సంబరాలకి. పుట్టినరోజు అన్న మాట అందులో లేదు. స్టూడియో వాళ్లు ఇది కూడా చూసుకోవాలి.

తెరవెనుక:
గోడలూ పాటలూ ఒగ్గేయండి. స్టూడియోలు ఫంక్షన్లకి ఇవ్వనే కూడదు, అంతే. ఈ ఊళ్లో నాటకం ఆడటానికి కళాభారతి ఉంది, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది. నలభై రోజులు రిహార్సల్ చేసుకోడానికి ఈ స్టూడియోలు తప్ప ఏటుంది? మా వాళ్లలో ఇద్దరివి స్టీల్ ప్లాంట్ షిఫ్టులు. అందరం కలిసేది ఆదివారం సాయంత్రమే. ఆ ఆదివారాలన్నీ బెలూన్లకే పోతున్నాయి.

పాపాయి_అమ్మ:
అంటే మా పాప పుట్టినరోజు మీ నాటకం కన్నా తక్కువదా?

తెరవెనుక:
ఆ మాట నేననలేదమ్మా. మీకు హాళ్లున్నాయి, మాకు లేవు.

పాపాయి_అమ్మ:
మాకెక్కడున్నాయండీ? 200 ప్లేట్ల సంగతి మొదటే రాశాను.

గంటల_లెక్క:
కట్టే టైము సంగతి మీద ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

వెలుగునీడ:
గురువుగారూ, మీరెవరో నాకర్థమైంది. రెండేళ్లు సగం రేటుకి ఇచ్చాను. మంగళవారం మీ రిహార్సల్‌కి ఏసీ తిరిగింది ఆదివారం పుట్టినరోజు డబ్బుతోనే. ఆ మాట కూడా రాయండి ఇక్కడ.

తెరవెనుక:
రాస్తాను. సగం రేటుకిచ్చావు, కాదనను. మరి ఆ ఆదివారం సంగతి కూడా రాయనా? పెదజాలరిపేట నుంచి పదకొండు మంది పిల్లలు నడుచుకుంటూ వచ్చారు. వాళ్లలో ఎవరూ అంతకుముందు స్టేజీ ఎక్కలేదు. ఐదింటికి మా టైము. లోపల పార్టీ అవ్వలేదని గంటన్నర మెట్ల మీద నిలబెట్టావు. ఎవరి పిల్లలు వీళ్లు, ఇక్కడెందుకున్నారని ఒకావిడ అడిగితే, “పంపించేస్తున్నానండీ” అన్నావు. పిల్లలు ఆ మాట విన్నారు. తర్వాతి వారం నలుగురే వచ్చారు. నా గొడవ రేటు గురించి కాదు బాబూ, ఏనాడూ కాదు.

మధురవాడ_కుర్రోడు:
అయ్యో.

వెలుగునీడ:
అన్నాను, గుర్తుంది. ఆవిడ అప్పటికింకా బ్యాలెన్సు ఇవ్వలేదు, ఆ నెల అద్దె నేను కట్టలేదు. వాళ్లు విన్నారని నాకు తెలీదు. మీరు ఆ రోజే నాతో అనాల్సింది, ఏడాది తర్వాత ఇక్కడ కాదు.

తెరవెనుక:
అనుంటే ఆదివారం ఇచ్చేవాడివా?

గంటల_లెక్క:
అందుకే మొదట్నుంచీ టైము సంగతి అడుగుతున్నాను. కట్టే టైము విడిగా ఇచ్చుంటే పార్టీ ఐదింటికే అయిపోయేది, పిల్లలు లోపలికి వెళ్లేవాళ్లు.

పాపాయి_అమ్మ:
మాదీ నలభై నిమిషాలు ఎక్కువైంది. వెళ్లేటప్పుడు మెట్ల మీద ఎవరో నిలబడి ఉన్నారు. షూటింగ్ వాళ్లేమో అనుకుని పక్కనుంచి దిగిపోయాను. ఎంతసేపట్నుంచి ఉన్నారో అడగలేదు. అయినా ఆ 6,000 మాత్రం నేను వదలను. చెప్పులు విప్పమని ఒక్క మాట చెప్పుండాల్సింది.