సినిమా పారడీసో: 124 నిమిషాలదా, 173 నిమిషాలదా?

మాటినీ ఆట
ఇటలీ దర్శకుడు టోర్నటోరె తీసిన ఈ సినిమాకి మూడు నిడివులున్నాయి. 1988లో ఇటలీలో విడుదలైంది 155 నిమిషాలు, సరిగా ఆడలేదు. కోసి 124 చేశాక 1989లో కాన్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి, మరుసటేడు ఆస్కార్ వచ్చాయి. 2002లో బయటికొచ్చిన 173 నిమిషాలదే 'అసలు సినిమా' అని చాలామంది వాదన. నేను ఒప్పుకోను. హీరో టోటో కుర్రతనంలో ప్రేమించిన ఎలెనా పెద్దయ్యాక మళ్లీ కనబడగానే ఊరు పక్కకి పోతుంది. పియాజ్జా అనే ఊరి చౌకు, సినిమా హాలు, ముద్దు సీను రాగానే గంట కొట్టే ఫాదరు, అన్నీ మర్చిపోతాం.

కత్తెర
ఊరు పోతే పోయింది, ఆ హాల్లో ప్రొజెక్టర్ తిప్పే ఆల్ఫ్రెడో అర్థమవుతాడు. చిన్నదాంట్లో టోటోని కలవాల్సిన రోజు ఎలెనా ఎందుకు రాలేదో చెప్పనే చెప్పరు. పెద్దదాంట్లో ఆలస్యంగానైనా వచ్చిందని తెలుస్తుంది. అప్పుడు ప్రొజెక్టర్ కేబిన్లో ఉన్నది ఆల్ఫ్రెడో. నచ్చజెప్పి పంపేశాడు, టోటోకి ఆ మాట చెప్పలేదు. ఆమె రాసిపెట్టిన చీటీ పాత కాగితాల్లో ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఇదంతా తెలిశాక స్టేషన్ సీను మళ్లీ చూడండి. ఊరొదిలే టోటోతో ఆల్ఫ్రెడో 'తిరిగి రాకు' అన్నది ఒట్టి దీవెన కాదు.

మాటినీ ఆట
కత్తెర గారూ, తెలియడం వల్లే నష్టం. ఫాదర్ గంట కొట్టిన చోటల్లా ఆల్ఫ్రెడో రీల్లో కాగితం ముక్క పెట్టుకుని, తర్వాత ఆ ముద్దు కోసేవాడు కదా. చిన్నదాంట్లో ఆ ముద్దులన్నీ అతికించి ఆల్ఫ్రెడో టోటోకి వదిలిపోయిన చివరి రీలు అచ్చంగా కానుక. మీదాంట్లో అది బాకీ తీర్చినట్టుంటుంది.

కత్తెర
బాకీ తీరిస్తే ఏడుపు రాదా? నాకు అక్కడే ఎక్కువొచ్చేది.

రీలుపెట్టె
మీ తగువు మధ్యలో ఒక మాట. ముక్కలెలా మిగిలాయో సినిమాలోనే ఉంది: ప్రింటు తిప్పి పంపేటప్పుడు మళ్లీ అతికించాలి, ఎక్కడివో దొరకనివి ఇక్కడే ఉండిపోతాయంటాడు ఆల్ఫ్రెడో. నమ్మలేనిది తర్వాతి సంగతి, ఆ పాత ముక్కల రీలు అన్నేళ్ల తర్వాత ప్రొజెక్టర్ మీద ఆడటం. ఆ కాలపు ముక్కలు నైట్రేటువి, అంటే తేలిగ్గా అంటుకునే పాతరకం ఫిల్ము. ఏళ్లు గడిచేకొద్దీ ఫిల్ము కుంచించుకుపోయి, అంచుల్లో ఉండే కన్నాల మధ్య దూరం తగ్గుతుంది. ప్రొజెక్టర్ పళ్లచక్రం మీద సరిగా కూర్చోదు, అతుకుల దగ్గర పుటుక్కున తెగుతుంది. దీపం వెలుగు పడే గేటులో ఆగిందా, అంటుకుంటుంది. కాలేటప్పుడు ఆక్సిజన్ తనే పుట్టించుకుంటుంది కాబట్టి నీళ్లలో ముంచినా ఆరదు. ఆల్ఫ్రెడో కళ్లు పోయింది అలాంటి మంటలోనే. రోమ్‌లో ఆ రీలు వేసే ఆపరేటర్ వేషం టోర్నటోరెదే, అందుకే తెగలేదనుకుందాం!

ఇంకోటి. యూరప్ డీవీడీ మీద 119 నిమిషాలని ఉంటే నాలుగో నిడివి అనుకోకండి. సెకనుకి 24 ఫ్రేములది 25 చొప్పున తిప్పితే 124 కాస్తా 119 అవుతుంది, 173 అయితే 166. అనుమానముంటే నటుల జాబితాలో బ్రిజిత్ ఫోసే పేరు వెతకండి. పెద్ద ఎలెనా ఆవిడే, 124లో ఆవిడ లేదు.

మాటినీ ఆట
సరే, ఒక్కటైనా ఒప్పుకోండి కత్తెర గారూ. కొత్తగా చూసేవాళ్లు ముందు 124 చూడాలి. 173 చూసొచ్చాక ఆల్ఫ్రెడోని మళ్లీ మామూలుగా చూడలేరు.

కత్తెర
వరస ఒప్పుకుంటాను. కానీ అక్కడితో ఆపమంటే మాత్రం ఒప్పుకోను.